ఎస్త్రెమోజ్ శనివారం సంత, ఆ మట్టిబొమ్మలు: నా రివ్యూ

ఊరి పేరు మనం ఎస్త్రెమోజ్ అని రాసుకున్నా, అక్కడివాళ్ల నోట్లో మాత్రం "ఇష్ట్రెమోష్" అని వినిపిస్తుంది, బస్సులో ఉన్నప్పుడు చెవులు కాస్త రిక్కించుకుని కూర్చోండి. పోర్చుగల్ దక్షిణాన అలెంటెజులో ఉంది. లిస్బన్ నుంచి బస్సులో రెండు గంటల పైనే పడుతుంది. రైలు కోసం వెతక్కండి, ప్యాసింజర్ రైళ్లు ఎప్పుడో ఆపేశారు. మూడు నెలలు నా దగ్గర ఉందామని వచ్చిన మా అమ్మని తీసుకుని వెళ్లాను.

సంత శనివారం పొద్దున, రోసియో అనే పెద్ద మైదానంలో జరుగుతుంది. తొందరగా వెళ్లండి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. ఒకవైపు కూరగాయలు, గొర్రెపాల జున్ను, ఆలివ్‌లు ఉంటాయి. ఇంకోవైపు పాత సామాను: రాగి గిన్నెలు, తుప్పు పట్టిన కొడవళ్లు, గొర్రెల మెడలో కట్టే గంటలు. ఈ గంటల్ని తయారుచేసే పని కూడా చిన్నదేం కాదు, అంతరించిపోకుండా కాపాడాల్సిన వాటి జాబితాలో యునెస్కో దాన్ని 2015లో చేర్చింది. అమ్మకి పోర్చుగీసు ఒక్క ముక్క రాదు, అయినా వేళ్లు చూపించి పది యూరోల గంటని ఏడుకి దించింది. ఆ ముసలాయన నవ్వుతూనే ఇచ్చాడు.

అసలు వెళ్లింది మాత్రం బొమ్మల కోసం. బొనేకుష్ అంటారు. మూడు వందల ఏళ్లకి పైగా ఉన్న పని ఇది, 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక దశలో దాదాపు పోయింది కూడా. 1930ల్లో అక్కడి స్కూలు నడిపిన సా లెముష్ అనే శిల్పి, ఆ పని ఇంకా గుర్తున్న అనా దష్ పేలెష్ అనే ముసలావిడని పట్టుకుని మళ్లీ చేయించాడు. ఆవిడ లేకపోతే ఈ రివ్యూ లేదు.

ఓ చిన్న వర్క్‌షాప్‌లో ఒకావిడ బొమ్మ చేస్తుంటే అరగంట నిలబడిపోయాం. ముందు ఒళ్లు మాత్రమే చేస్తారు, బట్టల్లేకుండా. తర్వాత మట్టిని చపాతీలా పల్చగా ఒత్తి, కత్తితో కోసి, నడుముకి లంగాలా చుట్టి, వేలికొనలతో కుచ్చిళ్లు పెడతారు. దాని మీద ఏప్రన్, ఆ పైన శాలువా. బొమ్మకి నిజంగానే ఒక్కో బట్టా తొడుగుతున్నట్టే ఉంటుంది. బట్టీలో కాల్చాకే రంగులు, చివర్న వార్నిష్. అమ్మ అప్పటిదాకా "మన కొండపల్లిలో అయితే చెక్క" అంటూ నాకు పాఠం చెబుతోంది, ఆ కుచ్చిళ్ల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

మేం కొన్నది సాంత (అంటే సెయింట్) ఇజబెల్ అనే పోర్చుగల్ రాణి బొమ్మ. 1336లో ఈ ఊళ్లోనే చనిపోయిందావిడ. పేదలకి పంచబోతున్న రొట్టెలు ఒళ్లో గులాబీలైపోయాయని కథ, అందుకే బొమ్మ దగ్గర గులాబీలుంటాయి. నలభై ఐదు యూరోలు. "నాలుగు వేల పైమాటేనే!" అంది అమ్మ, కానీ బేరం ఆడలేదు. గొర్రె గంట దగ్గర అంత గొడవ చేసిన మనిషి! బయటికొచ్చాక అడిగితే, "చేస్తుంటే చూశాం కదే, ఎలా అడుగుతాం" అంది. కళ్లకి గంతలు కట్టిన "ప్రేమ గుడ్డిది" బొమ్మ నాకు నచ్చింది గానీ రెండు బొమ్మలకీ బడ్జెట్ లేదు.

మ్యూజియంలో క్రీస్తు పుట్టిన దృశ్యాన్ని మెట్లు మెట్లుగా పేర్చిన బొమ్మలు చూసి అమ్మ "ఇది మన కొలువే కదా" అని గట్టిగానే అనేసింది, కాపలా అమ్మాయి తిరిగి చూసింది.

ఇక నచ్చనివి. సంత పక్కనే ఒక షాపులో బొనేకుష్ అని చెప్పి నాకు అంటగట్టింది అచ్చులో పోసిన ఫ్రిజ్ మ్యాగ్నెట్, రెండు రోజులకే రంగు ఊడింది. కొనేముందు బొమ్మ అడుగున చేసినవాళ్ల పేరుందో లేదో చూసుకోండి. శాకాహారులకి తిండి కష్టమే. వెల్లుల్లి, కొత్తిమీర, ఆలివ్ నూనెతో చేసే అసోర్డా అనే రొట్టె చారు కమ్మగా ఉంటుంది, కానీ చేప ఉడికించిన నీళ్లతో చేశారేమో అడగండి, పైన గుడ్డు కూడా వేస్తారు. ఎండాకాలంలో అయితే వెళ్లొద్దు, రోసియోలో నీడ తక్కువ, అమ్మ గొడుగు వేసుకుని తిరిగింది.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి మ్యాగ్నెట్‌కి కోత. బొమ్మని చెకిన్ బ్యాగులో మాత్రం పెట్టకండి, మా రాణిగారి చెయ్యి హైదరాబాద్‌లో దిగేసరికి విరిగింది. ఫెవిక్విక్‌తో అతికించి, దసరాకి అమ్మ కొలువులో మూడో మెట్టు మీద పెట్టింది, అతుకు కనబడకుండా కాస్త గోడవైపు తిప్పి.