తమిళ సినిమా: చెన్నైలో తమిళంలోనా, సూళ్లూరుపేట వెళ్లి తెలుగులోనా?

పెద్ద తమిళ హీరో సినిమాకి బుకింగ్ మొదలైందంటే నాకు మెసేజ్‌లు వచ్చిపడతాయి. వేళచ్చేరి పీజీలో ఉంటున్న మా బాబాయి కూతురు, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, నెల్లూరు నుంచి సెలవులకొచ్చే చుట్టాలు, అందరూ అడిగేది ఒకటే. "అక్కా, ఇక్కడ తమిళంలో చూసేయొచ్చా, తెలుగులో చూస్తేనే బాగుంటుందా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ చెప్పేస్తున్నాను. నేనేమీ సినిమా పండితురాలిని కాదు. టికెట్ కొనుక్కుని, పాప్‌కార్న్ తిని, పాట పాడుకుంటూ ఇంటికొచ్చే రకం. కెమెరా పనితనం గురించి మాత్రం నన్నడక్కండి.

ముందు ఒక చిక్కుంది. తెలుగు సినిమా అయితే చెన్నైలో తెలుగులోనే దొరుకుతుంది, మౌంట్ రోడ్డు దగ్గరి కాసినో థియేటర్ నుంచి మల్టీప్లెక్సుల దాకా. తమిళ సినిమాకి తెలుగు డబ్బింగ్ మాత్రం ఇక్కడి హాళ్లలో దాదాపు వేయరు. ఊరంతా అసలుది చూస్తుంటే ఎందుకు వేస్తారు! కాబట్టి తెలుగులో కావాలంటే సరిహద్దు దాటాల్సిందే. మనకు అన్నిటికంటే వీలైనది సూళ్లూరుపేట. ఎనభై కిలోమీటర్ల చిల్లర. సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ కాంప్లెక్స్ నుంచి లోకల్ రైలుంది. కారులో అయితే రెడ్‌హిల్స్, గుమ్మిడిపూండి, తడ మీదుగా హైవే. అక్కడ 2019లో తెరిచిన వి ఎపిక్ అనే హాల్లో తెర వెడల్పు 106 అడుగులు. ఏ సినిమా ఆడుతోందో కూడా చూసుకోకుండా, ఆ తెర కోసమే చెన్నై నుంచి కార్లేసుకుని వెళ్లేవాళ్లున్నారు.

ఖర్చు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. తమిళనాడులో టికెట్ రేటుకి ప్రభుత్వం హద్దు పెట్టింది కాబట్టి చెన్నై మల్టీప్లెక్సులో మామూలు సీటు రెండొందల లోపే వస్తుంది. బెంగళూరులో ఉన్న స్నేహితులకి ఈ మాట చెబితే మనతో మాట్లాడటం మానేస్తారు. సూళ్లూరుపేటకైతే టికెట్‌తో పోదు. పెట్రోలు, టోలు, దారిలో టిఫిను కలుపుకోవాలి. డబ్బు దగ్గర చెన్నైదే గెలుపు.

విడుదల రోజు గురించి అడిగేవాళ్లకి నా జవాబు వేరు. 2023 జనవరిలో రోహిణి థియేటర్ దగ్గర ఒక అభిమాని చనిపోయాక తమిళనాడులో తెల్లవారుజాము ఆటలు ఆపేశారు. పొద్దున తొమ్మిదికి ముందు బొమ్మ పడదు. అంతసేపు ఆగలేని తమిళ అభిమానులే ఇప్పుడు పక్క రాష్ట్రాలకి బయల్దేరుతున్నారు. మనం మాత్రం చెన్నైలోనే ఉండిపోవచ్చు. మొదటి రోజు భాష పట్టింపే లేదు కదా. హీరో బూటు కనపడిన దగ్గర్నుంచి ఇంటర్వెల్ దాకా ఈలలూ కాగితాలే. వాళ్లు తమిళంలో మాట్లాడారో జపనీసులో మాట్లాడారో పక్క సీటు తమిళుడిక్కూడా వినపడదు. ఆ గోల కావాలంటే కోయంబేడు రోహిణికో అశోక్ నగర్ కాశీకో వెళ్లండి, తమిళం రాకపోయినా ఏమీ పోగొట్టుకోరు.

అసలు ప్రశ్న హాలు కాస్త సద్దుమణిగాక వస్తుంది, రెండో వారంలో, నటులు ఏమంటున్నారో వినపడటం మొదలయ్యాక.

డబ్బింగ్ పక్షాన గట్టి మాట ఒకటుంది. గొంతు. తెలుగువాళ్లకి రజనీకాంత్ అంటే సగం మనో. కమల్ హాసన్ అంటే సగం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. 2008లో వచ్చిన దశావతారంలో కమల్ పది వేషాలు వేస్తే, తెలుగులో వాటిలో ఏడింటికి బాలుగారే మాట్లాడారు. గొంతుకి గొంతుకి పోలిక లేకుండా! సింగం సినిమాల్లో సూర్య గర్జించాడని మనం చప్పట్లు కొట్టింది నిజానికి శ్రీనివాసమూర్తిగారి గొంతుకి. 2023లో ఆయన పోయినప్పుడు, అప్పటిదాకా పేరు కూడా తెలియని మనిషి కోసం చాలామంది తెలుగువాళ్లు బాధపడ్డారు. అందుకే కొత్తగా చెన్నై వచ్చి హాల్లో రజనీ సొంత గొంతు వింటే, ఇదేంటి ఎవరో డబ్బింగ్ చెప్పినట్టుందే అనిపిస్తుంది. నవ్వకండి, మీకూ అనిపిస్తుంది. కార్తీతో ఈ బాధ లేదు, తెలుగులోనూ తన మాటలు తనే చెప్పుకుంటాడు. కాబట్టి అతని సినిమా ఏ భాషలో చూసినా మనిషి మారడు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఈ తెలుగు డబ్బింగ్‌లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి తయారైంది చెన్నైలోనే, వడపళని చుట్టుపక్కల స్టూడియోల్లో. అంటే మన పక్క వీధిలో రికార్డు చేసిన తెలుగు వినడానికి మనం రైలెక్కి ఆంధ్రాకి పోవాలన్నమాట.

డబ్బింగ్ రాయడం మాత్రం తేలిక పని అనుకోకండి. తెర మీద నటుడి పెదాలు కలిసిన చోట తెలుగులోనూ ప, బ, మ లాంటి అక్షరమే పడాలి. అర్థం చెడకూడదు, మాట నటుడి నోటికంటే పొడవు కాకూడదు. రాజశ్రీ, వెన్నెలకంటి లాంటివాళ్లు ఆ పని ఎంత నున్నగా చేశారంటే, చిన్నప్పుడు మనం చూసిన సగం సినిమాలు తమిళానివని పెద్దయ్యాక గానీ తెలియలేదు. చేయి తిరగనివాళ్లు రాస్తే మాత్రం తెలిసిపోతుంది. హీరో నోరు మూసేశాక కూడా మాట వినిపిస్తూనే ఉంటుంది. కథ కర్నూల్లో జరుగుతోందంటారు, వెనకాల తమిళ బోర్డున్న బస్సు టీఎన్ నంబరుతో తాపీగా వెళుతుంది. నాకు మాత్రం ఆ బస్సంటే ఇష్టం. నిర్మాతలు ఎన్ని తంటాలు పడ్డా ఎక్కడో ఒక చోట కనబడిపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నేను తేల్చుకునేది మాత్రం ఒకే ఒక్క విషయం మీద. హాలంతా నవ్వినప్పుడు మీకూ అప్పుడే నవ్వొస్తోందా?

చెన్నైకి కొత్తగా వచ్చినవాళ్ల తమిళం ఎలా ఉంటుందో మనకందరికీ తెలుసు. ఎవ్వళవు (ఎంత), వేండాం (వద్దు), ఇంగే నిరుత్తుంగ (ఇక్కడ ఆపండి). దాంతో ఆటో ఆగుతుంది, బేరం కుదురుతుంది, హౌస్ ఓనర్ ఆంటీ సంతోషిస్తుంది. జోకు మాత్రం అందదు. మొదటి సగాన్ని తలలో తెలుగులోకి మార్చుకునేలోపు రెండో సగం అయిపోతుంది. హాలంతా నవ్వి ఊరుకున్నాక మనకు వెలుగుతుంది. అప్పటికి తెర మీద ఎవరికో గుండెపోటు వచ్చి ఉంటుంది. మనం పకపకా నవ్వుతాం, ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి అదోలా చూస్తాడు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేసే ఆటకి పోతే కష్టం తిరగబడుతుంది. నటుడు నోరు తెరిచేలోపే జోకంతా కింద రాసి ఉంటుంది. ఈసారి మనం ముందు నవ్వుతాం, జనం తర్వాత. కామెడీ నటుడు పాపం ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కనుబొమ్మ ఎగరేయాలో ఎంతో లెక్కేసుకుని చేస్తే, మనం కింద గీతలు చదువుకుంటూ కూర్చుంటాం.

ఫైటుకి భాష అక్కర్లేదు. ఏడుపుకీ అంతగా అక్కర్లేదు, కొడుకు తిరిగొచ్చాక తల్లి ఎలా ఏడుస్తుందో ఎవరికైనా అర్థమవుతుంది. నవ్వు అలా కాదు. ఒక్క క్షణం ఆలస్యమైతే అది విషయం అర్థమవడం కిందికి వస్తుందే గానీ నవ్వు కాదు. మూడొందల మందితో కలిసి నవ్వడానికే కదా ఇంట్లో టీవీ ఉండగా హాలుకి పోయేది.

కాబట్టి నన్నడిగేవాళ్లందరికీ నేనొక పరీక్ష పెడతాను. ఫోన్లో తమిళ కమెడియన్ వడివేలు పాత కామెడీ ఏదైనా సబ్‌టైటిల్స్ లేకుండా పెట్టుకోండి. ఆయన పూర్తి మదురై సరుకు, యాసతోనే సగం నవ్విస్తాడు. మీకు ఆయన మాటతో పాటే నవ్వొచ్చిందా, ఇంక డబ్బింగ్ ఊసెత్తకండి. ఆయన ముఖం చూసి మాత్రమే నవ్వొచ్చిందా, ఇంకొన్నాళ్లు సూళ్లూరుపేట. అసలేమీ రాలేదా, మీ సమస్య భాష కాదు.

ఆ పరీక్ష దాటినవాళ్లకి తమిళంలోనే చూడమని ఎందుకంటానంటే, డబ్బింగ్‌లో మొట్టమొదట కొట్టుకుపోయేది యాసే. తమిళంలో మదురై మాట వేరు, కోవై (అంటే కోయంబత్తూరు) మాట వేరు, ఉత్తర చెన్నై కుర్రాడి మాట ఇంకా వేరు. పాత్ర నోరు తెరవగానే ఎక్కడివాడో, ఎలాంటి ఇంట్లో పెరిగాడో హాలుకి తెలిసిపోతుంది. తెలుగులోకి వచ్చేసరికి అందరూ ఒకే తెలుగు మాట్లాడతారు. రౌడీ అయితే రాయలసీమ యాస కొంచెం పులుముతారు, అంతే. కోవై మనిషి అతి మర్యాదగా మాట్లాడుతూనే ఎదుటివాడిని ఉతికి ఆరేస్తాడే, ఆ రుచి తెలుగులోకి దిగదు. రాసినవాళ్ల తప్పేం లేదు, కోవైకి సరిపోయే ఊరు మనకి ఏదో మీరే చెప్పండి.

నా మటుకు నేను ఇప్పుడు తమిళంలోనే చూస్తున్నాను. తిరునెల్వేలి యాస వేగంగా వచ్చినప్పుడు పక్కనున్న తమిళ కొలీగ్ మోచేతిని గోకడం ఇంకా తప్పట్లేదు గానీ, మిగతాదంతా అందరితో పాటే నవ్వుతున్నాను. మొదట్లో తెలుగు రజనీని పోగొట్టుకున్నట్టు కొంచెం బెంగగానే ఉంటుంది. మూడు నాలుగు సినిమాలకి ఆ బెంగ పోతుంది, ఆయన తమిళ గొంతులో ఉండే ఆ తొందర అలవాటవుతుంది.

డబ్బింగ్ లేకపోతే జనం చూడరు అనే మాట కూడా నేను పూర్తిగా నమ్మను. బాలచందర్ 1978లో తీసిన మరో చరిత్ర తెలుగు సినిమా. ఇదే చెన్నైలో, అప్పటి మద్రాసులో, డబ్బింగ్ లేకుండా తెలుగులోనే మౌంట్ రోడ్డు సఫైర్ థియేటర్‌లో ఏడాదికి పైగా ఆడింది. చూసినవాళ్లంతా తెలుగువాళ్లే అయ్యుండరు కదా. తమిళ కుర్రాడు, తెలుగు అమ్మాయి, ఒకరి భాష ఒకరికి రాకపోవడమే కథలో సగం. వాళ్లు అప్పుడు మన భాషలో చూశారు, మనం ఇప్పుడు వాళ్ల భాషలో చూడలేమా అని మా బాబాయి కూతుర్ని అడిగితే, "నాకు సీన్ మధ్యలో నీ కామెంటరీ లేకపోతే చాలక్కా" అంది.

పాటల విషయంలో మాత్రం నాకు న్యాయం ధర్మం ఏమీ లేదు. రోజా 1992లో వచ్చింది. ఆ పాటలకి తెలుగు మాటలు రాజశ్రీ రాశారు. అవి నాకు ఎప్పటికీ తెలుగు పాటలే. షేర్ ఆటోలో అదే పాట తమిళంలో మోగితే, ఎవరో మన పాటని తమిళంలోకి మార్చేశారు అన్నట్టు చూస్తాను. కొత్త సినిమాలకి తమిళమే ముందు చెవిన పడుతుంది కాబట్టి తెలుగు మాటలు ఇరికించినట్టు ఉంటాయి. ముందు ఏది విన్నామో అదే అసలుది, నాకు తెలిసి ఇంతకు మించిన సూత్రం లేదు.

రెండు భాషల్లోనూ విడివిడిగా తీసిన సినిమాలుంటాయి, అక్కడ ఈ గొడవే లేదు. 2010లో ఏ మాయ చేసావె, విన్నైతాండి వరువాయా ఒకే రోజు వచ్చాయి. దర్శకుడు ఒకరే, కథ ఒకటే, జంటలు వేరు, ముగింపులు కూడా వేరు. తెలుగులో కలుస్తారు, తమిళంలో కలవరు. మూడ్ బట్టి ఎంచుకోండి.

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు మాత్రం నేను వాదించను. సినిమా అంతా చెవిలో అనువాదం చెబుతూ కూర్చుంటే వాళ్లూ చూడలేరు, నేనూ చూడలేను. అప్పుడు సూళ్లూరుపేటే మేలు. చలికాలం అయితే పొద్దున నేలపట్టులో పక్షులు చూసి మధ్యాహ్నం ఆటకి రావచ్చు. పెద్దవాళ్లు సినిమా బాగోలేదన్నా పక్షులు బాగున్నాయంటారు.

ఓటీటీ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నాలుగైదు వారాలు ఆగగలిగితే రెండు భాషలూ ఒకే మీటలో ఉంటాయి, నచ్చిన సీను అటూ ఇటూ మార్చుకుని వినొచ్చు. తమిళం నేర్చుకోవడానికి బాగుంటుంది. సినిమా చూడటానికి, ఏమో. టీవీలో వచ్చే డబ్బింగ్ అయితే ప్రకటనల మధ్య కథ గుర్తుపెట్టుకోగలిగినవాళ్లకే.

సూళ్లూరుపేటకి రాత్రి ఆట చూద్దామనుకునేవాళ్లు తిరుగు లోకల్ ఎప్పుడుందో చూసుకున్నాకే టికెట్ బుక్ చేయండి.