తూపిలిపాలెం ఒడ్డున మూడు తరాల చేపల పులుసు

చిత్తూరు జిల్లాకు 1911లో ఏర్పడిన నాటి నుంచి సముద్రమన్నది లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, అంతవరకు నెల్లూరులో ఉన్న వాకాడు, సూళ్లూరుపేట, తడ మండలాలు అందులో చేరాకే తిరుపతి వాళ్ళకు సొంత జిల్లాలో తీరం దక్కింది. అయినా ఊళ్ళో సముద్రపు చేప తినాలంటే చెన్నై నుంచో నెల్లూరు నుంచో ఐసు పెట్టెల్లో వచ్చినదే దిక్కు. అందుకని, చేపల పులుసంటే నిజంగా ప్రాణం పెట్టేవాళ్ళు ఒక ఆదివారం తీరిక చేసుకుని వెళ్ళదగిన చోటు గురించి రాస్తున్నాను. వాకాడు మండలంలో తూపిలిపాలెం తీరానికి దగ్గరగా, ఒకే కుటుంబం మూడు తరాలుగా నడుపుతున్న చిన్న భోజన హోటల్ అది. రేకుల కప్పు, సిమెంటు గచ్చు, ఆరేడు బల్లలు తప్ప అక్కడ చూడడానికి ఏమీ లేదు. పులుసు మాత్రం నేను ఈ జిల్లాలో తిన్న వాటన్నిటికంటే మేలైనది. అందుకు కారణం ఏదో రహస్యపు మసాలా కాదని, ఆ పూట ఒడ్డుకు వచ్చిన చేపనే వండడం, రాకపోతే వండకపోవడం అనే నియమాన్ని ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ వదలకపోవడమేనని నా నమ్మకం.

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు వైపు వెళ్ళాలి. దూరం నూరు కిలోమీటర్లకు పైనే ఉంటుంది కనుక పొద్దున్నే బయలుదేరడం మంచిది. చంద్రగిరి, తిరుచానూరు పక్కన వానలు పడితే తప్ప నీళ్ళు కనిపించని మన స్వర్ణముఖి నది ఈ దారి పొడుగునా దాదాపు తోడుగానే వచ్చి, వాకాడు దాటాక సముద్రంలో కలుస్తుంది. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే అటువంటి చోట్ల పీతలు, రొయ్యలు బాగా దొరుకుతాయి. ఈ హోటల్లో పీతల కూర ఎప్పుడు తిన్నా కండ నిండుగా ఉండడానికి అదొక కారణం.

హోటల్ మొదలుపెట్టినది ఇప్పుడున్న అవ్వగారి అత్తగారట. తెల్లవారకముందే వేటకు వెళ్ళి వచ్చే కుప్పం (తీరంలోని జాలర్ల పల్లె) మనుషులకు చద్దన్నం, ముందురోజు పులుసు ఆకులో పెట్టి ఇచ్చేదని, డబ్బుకు బదులు చేపలు ఇచ్చినా తీసుకునేదని అవ్వగారు చెప్పారు. అవ్వగారి చేతికి వచ్చాక అది మధ్యాహ్నం భోజనం పెట్టే తాటాకుల పాక అయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఆ పాక, అందులోని సామాను మొత్తం కొట్టుకుపోతే, ఒడ్డుకు ఇంకొంచెం ఎడంగా ఇటుక గోడలతో ఇప్పటి గది కట్టుకున్నారు. ఇప్పుడు వంట కోడలిది, చేప కొనే పని కొడుకుది. అత్త దగ్గర కోడలు నేర్చుకోవడం రెండుసార్లు జరిగిందన్నమాట. ఇల్లు మగవాళ్ళ పేరు మీద ఉన్నా పులుసు మాత్రం బయటి నుంచి వచ్చిన ఆడవాళ్ళ చేతుల్లోనే ఇంతదూరం వచ్చిందని నాకు అనిపించింది, ఆ మాట అంటే అవ్వగారు కూడా ఒప్పుకున్నారు.

వంటకు ముందే జరిగే ఒక పనిని దగ్గరగా చూడనిచ్చారు. ఒడ్డున వేలం ముగిశాక కొడుకు తెచ్చిన బుట్టను నేరుగా వంటింట్లోకి పోనివ్వరు. అవ్వగారు వాకిట్లో పీట మీద కూర్చుని ఒక్కొక్క చేపనూ చేతిలోకి తీసుకుంటారు. బొటనవేలితో మొప్ప పైకెత్తి లోపలి ఎరుపు చూస్తారు, కన్ను ఉబ్బి మెరుస్తున్నదా లోపలికి పోయిందా గమనిస్తారు, వెన్నెముక పక్కన కండను నొక్కి వేలు తీయగానే అది మళ్ళీ పైకి లేస్తుందో లేదో చూస్తారు. నేను చూసిన రోజు ఒక పెద్ద వంజరాన్ని ఆమె పక్కకు నెట్టేశారు. చూపుకు అది బాగానే ఉంది, కొడుకు కూడా బాగుందనే అన్నాడు. "మొప్ప పాలిపోయింది చూడు నాయనా, ఇది నిన్నటిది, మన చట్టిలోకి వద్దు" అని మాత్రం అని ఆమె తరువాతి చేప అందుకున్నారు. డబ్బు పోసి కొన్న చేపను ఇలా పక్కన పెట్టగలిగిన హోటళ్ళు ఎన్ని ఉంటాయి?

పులుసు పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో పొయ్యి మీదికి ఎక్కుతుంది. పెద్ద మట్టి చట్టి, కింద సవక కట్టెల మంట, అందులో వేరుశనగ నూనె. మెంతులు, ఆవాలు, కరివేపాకు, చిన్న ఉల్లిపాయలు వేగాక చింతపండు పులుసు పోసి, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి బాగా మరగనిస్తారు. పచ్చివాసన పోయి నూనె పైకి తేలేదాకా చేప ముక్క వేయరు. ముక్కలు వేశాక, కాలాన్ని బట్టి పుల్లటి మామిడికాయ ముక్కలు పడతాయి. ఆ తరువాత చట్టిలో గరిటె పెట్టడం ఉండదు, చట్టి అంచును రెండు వైపులా మందపాటి గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదుపుతూ తిప్పుతారు. గరిటె తగిలితే ముక్క విరుగుతుందన్నది అందరికీ తెలిసిందే, కానీ వడ్డన మొదలయ్యేసరికి వందమందికి సరిపడే పులుసున్న చట్టిని అలా తిప్పాలంటే ఎంత బలం కావాలో చూస్తేనే అర్థమవుతుంది. చివర వేయించిన మెంతుల పొడి చల్లి, దించి, మూత పెట్టి పక్కన ఉంచుతారు. పన్నెండు దాటాక కాని వడ్డించరు. అంతసేపు ఊరడం వల్ల పులుపూ ఉప్పూ ముక్క లోపలికంటా దిగుతాయి. పొగలు కక్కే పులుసు కావాలని అడిగేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు కానీ, చేపల పులుసు పొయ్యి మీద నుంచి దిగిన వెంటనే తినే వంట కాదని నేను గట్టిగా నమ్ముతాను.

పులుసులో ఏ చేప ఉంటుందన్నది ఆ రోజు వల మీద ఆధారపడి ఉంటుంది. వంజరం దొరికితే వంజరం, లేకుంటే మాగ, కానాగంతలు, ఒక్కోసారి చందువ. నా మట్టుకు నాకు కానాగంతల పులుసే అన్నిటికంటే బాగుంది. ఆ చేపకున్న సొంత నూనె, మామిడికాయ పులుపు కలిసి నాలుక మీద చాలాసేపు నిలుస్తాయి. చవక చేప అని కొందరు దాన్ని వద్దంటారు, అడిగి వేయించుకోండి.

కోడలిది పుత్తూరు దగ్గర పల్లె. తీరం మనుషులు అన్నంతోనే తినే ఈ పులుసుకు పక్కన రాగి సంగటి చేర్చినది ఆమే. ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసి ఇస్తారు. సంగటి మెత్తగా, ఉండలు లేకుండా, మరీ జారుగా కాకుండా ఉంటుంది. పులుసు చిక్కదనం దానికి అతికినట్టు సరిపోయింది. చిత్తూరు పల్లెల తిండి, నెల్లూరు తీరపు వంట ఒకే ఆకులోకి రావడం జిల్లాల పటం మారకముందే ఈ ఇంట్లో జరిగిపోయింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా మరపడవలకూ ఇంజను పడవలకూ వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని ఆ నియమం. ఆ రెండు నెలల్లో చాలా హోటళ్ళు నిలవ చేపతో నెట్టుకొస్తాయి. ఈ ఇంటివాళ్ళు మాత్రం తెడ్డు తెప్పల మీద తెచ్చిన కొద్దిపాటి చేప, ఏటి మొగ పీతలు, వాటితోపాటు కరవాడు వండుతారు. ఎండబెట్టిన నెత్తళ్ళను వేడినీళ్ళలో కడిగి, వంకాయ, మామిడికాయ వేసి చేసే ఆ కరవాడు పులుసు కోసమే మే నెల ఎండలో కూడా వెళ్ళవచ్చని చెబుతాను. రొయ్యల విషయంలోనూ వాళ్ళ నిజాయితీ మెచ్చదగినది. ఈ తీరమంతా రొయ్యల చెరువులే కాబట్టి చెరువు రొయ్యను సముద్రపు రొయ్యగా చెప్పి అమ్మడం సులువు, కానీ ఇక్కడ ఏది ఏదో అడగకముందే చెబుతారు.

లోపాలు లేకపోలేదు. వేపుడు ముక్క నన్ను మెప్పించలేదు: మసాలా పూత మందంగా, కారం ఎక్కువగా ఉండి లోపలి చేప రుచి తెలియలేదు. ఈమధ్య తిరుపతి, నెల్లూరు నుంచి వచ్చే కుర్రవాళ్ళు అడుగుతున్నారని ఎర్ర రంగు వేసిన బోన్‌లెస్ ముక్కలు కూడా పెడుతున్నారు, వాటికి ఈ వంటింట్లో స్థానం లేదని నా అభిప్రాయం. పులుసుతో భోజనం ధర అందుబాటులోనే ఉంది కానీ పెద్ద చేప, పీత తూకం మీద లెక్కగడతారు, ఆ ధర ఎక్కడా రాసి ఉండదు. ముందే అడిగితే విసుక్కోకుండా చెబుతారు, అయినా రోజూ ఒక పలక మీద రాసి పెడితే కొత్తగా వచ్చినవాళ్ళకు ఇబ్బంది ఉండదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి సౌకర్యం సరిగా లేదు, కుటుంబాలతో వచ్చేవాళ్ళు పెరుగుతున్నప్పుడు దీన్ని వెంటనే సరిదిద్దుకోవాలి.

వెళ్ళే రోజు చూసుకోవడం ముఖ్యం. శనివారం మన వైపు ఎక్కువ ఇళ్ళలో నీచు ముట్టరు, పెరటాసి నెలలోనైతే (సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వచ్చే తమిళ నెల) చిత్తూరు, తిరుపతి వైపు చాలా కుటుంబాలు నెలంతా మానేస్తాయి. అందుకని ఆ రోజుల్లో వీళ్ళు తక్కువ వండుతారు, కానీ తొందర లేకుండా కూర్చుని తినగలిగేదీ అప్పుడే. ఆదివారం ఒంటిగంట దాటితే బల్ల దొరకడం కష్టం, రెండు గంటలకు పులుసు అయిపోతుంది. అయిపోయాక ఇంకో చట్టి ఎక్కించరు. కొండకు వచ్చిన బంధువులను తీసుకువెళ్ళదలిస్తే దర్శనం ముగిసిన మరునాడు పెట్టుకోండి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజున మాత్రం బయలుదేరవద్దు, పడవ కదలని నాడు పొయ్యి వెలగదు.