షేర్డ్ ఓనర్‌షిప్ ఫ్లాట్ కొంటున్నారా? సర్వీస్ చార్జ్ దగ్గర జాగ్రత్త!

ఇంగ్లండ్‌లో హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేని గృహ సంస్థ) దగ్గర షేర్డ్ ఓనర్‌షిప్ ఫ్లాట్, అంటే కొంత వాటా కొని మిగతాదానికి అద్దె కట్టే ఫ్లాట్, చూస్తున్నవాళ్లు రిజర్వేషన్ ఫీజు కట్టే ముందు ఇది చదవండి. బ్రోచర్లో మార్ట్‌గేజ్, అద్దె, సర్వీస్ చార్జ్ అని మూడు అంకెలు వేసి ‘నెలకు ఇంతే’ అంటారు. మొదటిది బ్యాంకు చెప్పేది, రెండోది లీజులో రాసి ఉండేది. మూడోది, అంటే బిల్డింగ్ నిర్వహణకు కట్టేది, ఉత్త అంచనా. మనవాళ్లు దెబ్బతినేది అక్కడే.

అద్దె లెక్క తేలికే. 4 లక్షల పౌండ్ల ఫ్లాట్‌లో 40 శాతం కొంటే మిగిలిన 2,40,000 పౌండ్ల వాటా సంస్థది. దాని మీద ఏడాదికి 2.75 శాతం చొప్పున 6,600, అంటే నెలకు 550 పౌండ్లు. ఇది ఏటా పెరుగుతుంది. పాత లీజుల్లో చాలావరకు ఆర్‌పీఐకి అర శాతం కలుపుతారు, కొత్త నమూనా లీజుల్లో సీపీఐకి 1 శాతం (రెండూ ధరల పెరుగుదలను కొలిచే సూచీలే). 2025 సెప్టెంబరు సీపీఐ 3.8 శాతం కాబట్టి, ఆ నెల సూచీనే పట్టుకునే కొత్త లీజులో 550 కాస్తా 576.40 అవుతుంది. 2022 సెప్టెంబరులో ఆర్‌పీఐ 12.6 శాతానికి పోయింది. అప్పుడు చాలా సంస్థలు తమంతట తామే పెంపును 7 శాతం దగ్గర ఆపాయి. అది వాళ్ల దయ, లీజు ఇచ్చిన హక్కు కాదు. అందుకే ఏ సూచీ, ఏ నెలది అన్నది సొలిసిటర్ చేత లీజులో చూపించుకోండి.

ఇక అసలు సంగతి. 40 శాతమే కొన్నాం కాబట్టి సర్వీస్ చార్జ్‌లో కూడా 40 శాతమే అనుకోకండి. ఆ ఫ్లాట్ వంతుకు వచ్చేదంతా మీరే కట్టాలి. హైదరాబాద్‌లోలాగా ఫ్లాట్ల వాళ్లంతా మీటింగు పెట్టుకుని చదరపు అడుగుకు ఇంత అని తేల్చే మెయింటెనెన్స్ కాదు ఇది. ఖర్చు పెట్టేది సంస్థ, బిల్లు మీకు.

కొత్త బిల్డింగ్‌లో మొదటి ఏడాది అంకె తక్కువగా కనబడటానికి కారణం ఉంది. లిఫ్టు, ఫైర్ అలారం, నీళ్ల పంపులు ఇంకా వారంటీలో ఉంటాయి. రెండు మూడేళ్లకు వాటన్నిటికీ మెయింటెనెన్స్ కాంట్రాక్టులు మొదలవుతాయి, ఇన్సూరెన్స్ పెరుగుతుంది. పెద్ద రిపేర్ల నిధికి ముందు నామమాత్రంగా వేసిన మొత్తాన్ని సవరిస్తారు (ఫ్లాట్ అమ్ముకుని వెళ్లినా ఆ నిధిలో కట్టింది తిరిగి రాదు).

ఇంకో మెలిక ఉంది. ప్రైవేట్ బిల్డర్ కట్టిన పెద్ద ఎస్టేట్‌లో హౌసింగ్ అసోసియేషన్ కొన్ని అంతస్తులే తీసుకుని ఉంటుంది. అప్పుడు బిల్డింగ్‌ని చూసేది ఫ్రీహోల్డర్ (స్థలం, బిల్డింగ్ అసలు యజమాని) పెట్టిన మేనేజింగ్ ఏజెంట్. ఏజెంట్ ఫీజు ఒకటి, దాని మీద అసోసియేషన్ అడ్మిన్ ఫీజు ఇంకొకటి. పైగా ఏ ప్రశ్న అడిగినా ‘ఏజెంట్ నుంచి లెక్కలు రావాలి’ అన్న జవాబే వస్తుంది. కాబట్టి కొనకముందే ఫ్రీహోల్డ్ ఎవరిదో, మధ్యలో ఎందరున్నారో రాతపూర్వకంగా తీసుకోండి. బిల్డింగ్ మొత్తానికి ఒకే బాయిలర్ నుంచి వేడినీళ్లు వచ్చే పద్ధతైతే మరీ జాగ్రత్త. సప్లయర్‌ని మార్చుకోలేరు, ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టే ధరల పరిమితి (ప్రైస్ క్యాప్) దానికి వర్తించదు. తాళం వేసి రెండు నెలలు ఇండియా వెళ్లొచ్చినా స్టాండింగ్ చార్జ్ పడుతూనే ఉంటుంది.

దెబ్బ తగిలే తీరు ఇదీ. ఏప్రిల్ నుంచి మార్చి దాకా బడ్జెట్ 2,400 పౌండ్లు అన్నారనుకోండి. సెప్టెంబరు ప్రాంతంలో అసలు లెక్క 3,150 అని తేలుతుంది. తేడా 750 కట్టమంటారు, అదే చూపి వచ్చే ఏడాది బడ్జెట్ కూడా పెంచుతారు. ఖర్చు పెట్టిన 18 నెలల లోపు బిల్లు గానీ, ఖర్చయిందని, ముందు ముందు మీరు కట్టాల్సి వస్తుందని చెప్పే నోటీసు గానీ పంపకపోతే ఆ ఖర్చు వసూలు చేయలేరు. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 20బి చెప్పేది అదే (కింద చెప్పే సెక్షన్లన్నీ ఈ చట్టంలోవే). ‘20బి నోటీసు’ అని ఒక పేజీ ఉత్తరం వస్తే పారేయకండి, తేదీ చూసి దాచండి. అలాగే ఒక్కో ఫ్లాట్‌కు 250 పౌండ్లు దాటే రిపేర్లకు సెక్షన్ 20 కింద ముందు మిమ్మల్ని సంప్రదించాలి. సంప్రదించకపోతే, ట్రిబ్యునల్ మినహాయింపు ఇస్తే తప్ప 250కి మించి అడగలేరు.

బిల్లు మీద అనుమానం ఉంటే సెక్షన్ 21 కింద ఖర్చుల సారాంశం అడగండి. అది చేతికొచ్చిన 6 నెలల్లోపు సెక్షన్ 22 కింద ఇన్‌వాయిస్‌లు, రసీదులు చూపించమని అడగొచ్చు. చూసేటప్పుడు మొత్తాల మీద కాదు, అడ్రసుల మీద కన్నేయండి. పక్క బ్లాకు లిఫ్టు రిపేరు మీ బ్లాకు ఖాతాలో పడటం, కామన్ ఏరియా కరెంటు మీటరు చూడకుండా అంచనా రీడింగ్‌తో బిల్లు వేయడం, బిల్డర్ తన ఖర్చుతో సరిచేయాల్సిన లోపాన్ని మీ మీద వేయడం... దొరికేవి ఎక్కువగా ఇవే.

కోపంతో డైరెక్ట్ డెబిట్ మాత్రం ఆపకండి. అద్దె, సర్వీస్ చార్జ్ ఒకే ఖాతాలో పోతాయి కాబట్టి తగ్గించి కడితే అద్దె బాకీగా చూపే ప్రమాదం ఉంది. వాళ్లు మీ మార్ట్‌గేజ్ బ్యాంకుకు రాస్తే బ్యాంకు ఆ బాకీ కట్టేసి మీ అప్పులో కలిపేయొచ్చు. ‘అభ్యంతరంతోనే కడుతున్నాం’ అని ఈమెయిల్ పెట్టి కట్టండి. కట్టినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని సెక్షన్ 27ఎ చెబుతోంది. తర్వాత ఫిర్యాదు పెట్టండి. దాన్ని అందుకున్నట్టు తెలిపాక మొదటి దశ జవాబుకు 10, రెండో దశకు 20 పనిదినాలు గడువు. అక్కడా తేలకపోతే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు. కానీ ఆంబుడ్స్‌మన్ చూసేది సంస్థ మీతో వ్యవహరించిన తీరును. మొత్తం న్యాయమా కాదా అని తేల్చేది ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్. అక్కడ దరఖాస్తు వేసేటప్పుడే, కేసు ఖర్చును సర్వీస్ చార్జ్‌లో వేయకుండా ఆపే సెక్షన్ 20సి ఆర్డర్ కూడా అడగండి. లేదంటే సంస్థ లాయరు ఖర్చు, లీజు ఒప్పుకుంటే, మళ్లీ మీ సర్వీస్ చార్జ్‌లోనే తేలుతుంది.

రీసేల్ కొనేవాళ్లకు ఒక మాట. సొలిసిటర్ తెప్పించే ఎల్‌పీఈ1 ఫారంతో (లీజు, సర్వీస్ చార్జ్ వివరాల ప్రశ్నావళి) పాటు మూడేళ్ల అసలు లెక్కలు చూడండి, బడ్జెట్లు కాదు. పాత ఓనర్ కాలం నాటి లెక్క ఇంకా తేలకపోతే ఆ తేడా బిల్లు మీ పేరు మీదే వస్తుంది. అందుకని అమ్మేవాళ్ల డబ్బులో కొంత, లెక్కలు ముగిసేదాకా, సొలిసిటర్ దగ్గర ఆపి ఉంచేలా కాంట్రాక్టులో రాయించండి. ఇరుపక్షాలూ సంతకాల కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకున్నాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.