పైలింట్ పేర్ల చెకింగ్, నాలుగేళ్లకి పైగా వాడాక

మా టీమ్‌లో కోడ్ రివ్యూకి పంపే ముందు పైలింట్ (పైథాన్ కోడ్‌లో తప్పులు, పద్ధతి చెక్ చేసే టూల్) రన్ చెయ్యాలని రూల్ పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. మొత్తం టూల్ గురించి కాదు, వేరియబుల్ పేర్ల మీద అదిచ్చే వార్నింగ్‌ల గురించే చెప్తా.

మొదట్లో భలే చిరాకేసేది. మూడక్షరాల కన్నా చిన్న పేరుంటే ఊరుకునేది కాదు, మేమేమో పాండాస్ (డేటా టేబుల్స్‌తో పని చేసే పైథాన్ లైబ్రరీ) బ్యాచ్, డేటాఫ్రేమ్ అనే టేబుల్‌కి ఎక్కడ చూసినా డీఎఫ్ అనే రాస్తాం, ఇక ఫైలు నిండా వార్నింగ్‌లే. కాన్ఫిగ్‌లో గుడ్‌నేమ్స్ అనే ఓకే పేర్ల లిస్ట్‌లో డీఎఫ్ చేర్చాకే ప్రశాంతత. 3.0 వెర్షన్‌లో ఆ నిడివి గోల వాళ్లే తీసేశారు. ఇంకో కామెడీ ఏంటంటే ఫూ, బార్ లాంటి ఉత్తుత్తి పేర్లతో పాటు టోటో, టుటు, టాటా కూడా డిఫాల్ట్‌గా నిషేధం, ఫ్రెంచి వాళ్ల ఫూ బార్లట అవి, మనకేమో టాటా అంటే ఉప్పు గుర్తొస్తది.

పనికొచ్చింది మాత్రం బాగానే పనికొచ్చింది. పైథాన్‌లో ముందే ఉన్న లిస్ట్ అనే పేరుని వేరియబుల్‌కి పెట్టేసి, పది లైన్ల కింద అదే లిస్ట్‌ని ఫంక్షన్‌లా పిలిచి ఎర్రర్ తెచ్చుకోవడం మా దగ్గర దాదాపు పోయింది.

కానీ ఒకటి చెప్పాలి. ఒకసారి రివ్యూకి, అవతలి సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే చోట, టైమౌట్ = 3000 అని వచ్చింది. పైలింట్ 10కి 10 వేసింది, నేనూ అప్రూవ్ కొట్టేశా. రాసినబ్బాయి జావాస్క్రిప్ట్ నుంచి వచ్చాడు, అక్కడ సెట్‌టైమౌట్‌కి మిల్లీసెకన్లు ఇస్తారు, ఇక్కడ పైథాన్‌లో సర్వర్లకి రిక్వెస్టులు పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీకి సెకన్లు, అంటే వాడు 3 సెకన్లనుకున్నది నిజానికి 50 నిమిషాలు. అవతలి సర్వర్ పలకని రోజు రాత్రి మా జాబ్ అలా కూర్చునే ఉంది, నేను దాని ముందు కూర్చున్నా. అప్పట్నుంచి టైమౌట్_సెకండ్స్ అని లేకపోతే నేను అప్రూవ్ చెయ్యట్లేదు, పైలింట్ ఏమన్నా సరే.

ఫ్లాగ్, టెంప్, డేటా2 లాంటివీ అంతే, రాసే తీరు పద్ధతిగా ఉంటే పైలింట్‌కి చాలు. వీటికి మేం చేసేది ఒకటే, "ఏంటి తమ్ముడూ ఈ ఫ్లాగ్, ట్రూ అయితే ఏమవుద్ది?" అని అడగడం. "పాత ఇన్‌వాయిస్‌లు స్కిప్ అవుతాయన్నా" అన్నాడనుకోండి, అయిపోయింది, స్కిప్_ఓల్డ్_ఇన్‌వాయిసెస్ అని పెట్టెయ్, నువ్వే చెప్పావుగా పేరు!

నా రేటింగ్ 5కి మూడున్నర. కొత్తగా పెట్టుకునేవాళ్లు మాత్రం మొదటి రోజే పాత కోడ్ మొత్తం మీద ఆన్ చెయ్యకండి, మేం చేసి వారం పాటు పేర్లు మార్చుకుంటూ కూర్చున్నాం, మధ్యలో వేరేవాళ్ల బ్రాంచ్‌లతో కాన్‌ఫ్లిక్ట్‌లు ఒకటి. మీరు ముట్టుకున్న ఫైళ్ల వరకే పెట్టుకోండి.