గరాజ్‌లో జిమ్నాస్టిక్స్ బార్: చాలాకాలం వాడాక చెప్తున్న మాట

ముందే చెప్పేస్తాను, ఇంటి బార్ కిప్ (బార్‌కి వేలాడుతూ ఊగి, బార్ పైకి లేచే విన్యాసం) నేర్పదు. కిప్‌కి కావలసిన బలం పెంచుతుంది, అంతే. ఆ లెక్కన కొనుక్కుంటే డబ్బు దండగ కాదు.

మేం ఉండేది డాలస్ దగ్గర. అమెరికాలో పిల్లల జిమ్నాస్టిక్స్ పోటీలకి లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 4 అన్‌ఈవెన్ బార్స్ (ఒకటి ఎత్తుగా, ఒకటి కిందగా ఉండే రెండు బార్లు) రొటీన్‌లో కిప్ తప్పనిసరి. బార్ పట్టుకుని ముందుకు జారి, కాలివేళ్లు బార్ దగ్గరికి తెచ్చి, బార్‌ని కాళ్ల మీదుగా నడుము దాకా లాక్కుంటూ పైకి లేవాలి. "ప్యాంటు తొడుక్కున్నట్టు" అని కోచ్‌లు పిల్లలకి చెప్తుంటారు. చాలామందికి ఇది రావడానికి నెలలు పడుతుంది. మా పాపకి మొదట్నుంచీ వాల్ట్ (పరిగెత్తుకొచ్చి బల్లలాంటి దాని మీద చేతులాన్చి ఎగిరి దూకడం) అంటేనే ఇష్టం. హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచిన వీడియో ఎన్నిసార్లు చూసిందో! బార్స్ అంటే మాత్రం మొహం ముడుచుకునేది. అందుకే లెవెల్ 4కి వెళ్లే ముందు ఈ బార్ కొన్నాం.

మాది మూడడుగుల నుంచి ఐదడుగుల దాకా ఎత్తు మార్చుకునే రకం. స్టీలు ఫ్రేము, పైన చెక్క తొడిగిన రెయిల్ (చేత్తో పట్టుకునే కడ్డీ). అంతర్జాతీయ పోటీల్లో కింది బార్ ఎత్తు 170 సెంటీమీటర్లు, పై బార్‌ది 250 ఉంటాయి. ఐదడుగులంటే 152 సెంటీమీటర్లే. కాళ్లు పొడుగవుతున్న పిల్లకి ముందుకు జారేటప్పుడు పాదాలు నేలకి తగులుతాయి. తగలకుండా మోకాళ్లు ముడుస్తుంది, ఆ అలవాటే క్లబ్‌కీ తీసుకెళ్తుంది. మా కోచ్ ఇది చూసి ఇంట్లో కిప్ వద్దన్నారు. పాపకి చివరికి కిప్ వచ్చిందీ క్లబ్‌లోనే, కోచ్ తన నడుము కింద చెయ్యి ఆనించి పదే పదే చేయించాక.

మరి ఇంట్లో ఏం చేసిందంటారా? పుల్‌ఓవర్ (కాళ్లు పైకి విసిరి బార్ మీదికెక్కడం), బ్యాక్ హిప్ సర్కిల్ (నడుము బార్‌కి ఆన్చి వెనక్కి చుట్టు తిరగడం), వేలాడుతూ కాళ్లు పైకెత్తడం. అన్నిటికంటే బాగా పనికొచ్చింది క్యాస్ట్, అంటే బార్ మీద చేతులాన్చి ఒళ్లంతా బార్ నుంచి వెనక్కి, పైకి లేపడం. భుజాలు బార్‌కి ముందుకి వంచి, తుంటిని పైకి నెట్టాలి. స్లో మోషన్‌లో వీడియో తీసి చూపిస్తే, భుజాలు వెనకే ఉండిపోతున్నాయని తనే పట్టుకునేది. నేను నోటితో చెప్తే మాత్రం గొడవే.

క్యాస్ట్ ఎత్తు పెరిగేకొద్దీ ఫ్రేము కదలడం మొదలైంది. ఫ్రేము కాళ్ల మీద ఇసుక బస్తాలు వేశాం. బోల్టులు వదులవుతూనే ఉంటాయి, వారానికోసారి బిగించాల్సిందే. బరువు పరిమితి రాసి ఉంటుంది కానీ, ఊగేటప్పుడు బార్ మీద పడే భారం పిల్ల బరువు కంటే చాలా ఎక్కువ. కాబట్టి బార్ చుట్టూ పూర్తిగా తిరిగే జెయింట్ స్వింగ్‌ల ఊసే ఇంట్లో వద్దు. మ్యాట్ దగ్గర పిసినారితనం కూడా వద్దు. బార్‌తో పాటు వచ్చిన పల్చటి మ్యాట్ మాకు యోగాకి పనికొచ్చింది.

చేతుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. అరచేతుల్లో కాయలు కాచి, చర్మం చిట్లుతుంది. చాక్ రాసుకుంటే పట్టు బాగుంటుంది, గరాజ్ అంతా తెల్లపొడి. స్నానమయ్యాక కాయల్ని మెల్లగా రుద్ది, రాత్రి కొబ్బరినూనె రాస్తాం. చర్మం చిట్లిన రోజు బార్ బంద్. తువ్వాళ్లు ఆరేసుకోవడానికి మాత్రం అప్పుడు ఖాళీగా దొరుకుతుంది.

వారానికి ఒక్క క్లాసుకే వెళ్లే చిన్నపిల్లలకి ఇది అక్కర్లేదు, తలుపుకి బిగించే పుల్‌అప్ బార్ చాలు. టీమ్‌లో ఉన్న పిల్లకైతే కొనొచ్చు, అదీ కోచ్‌ని అడిగి, ఏమేం చేయించాలో రాయించుకున్నాకే. సెకండ్‌హ్యాండ్‌వి బాగానే దొరుకుతాయి, ఎందుకంటే పిల్లలు ఎదిగిపోతారు లేదా మానేస్తారు. కొనేముందు రెయిల్ మీద పగుళ్లున్నాయా, ఎత్తు మార్చే పిన్ను రంధ్రాలు అరిగి వెడల్పయ్యాయా చూడండి. రెంటిలో ఏదున్నా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.