పాకే ఫ్యూషియా, చెట్టు ఫ్యూషియా: న్యూజిలాండ్ జాతులు రెండింటి పోలిక

ఫ్యూషియా అనగానే మనకు ఊటీ తోటల్లో జూకాల్లా తలకిందులుగా వేలాడే పూలే గుర్తుకు వస్తాయి. న్యూజిలాండ్ ఉత్తర దీవి తీరంలో సహజంగా పెరిగే ఫ్యూషియా ప్రొకుంబెన్స్ పూలు మాత్రం నిటారుగా పైకి చూస్తాయి. 1834లో వృక్షశాస్త్రజ్ఞుడు రిచర్డ్ కన్నింగ్‌హామ్ మటౌరి అఖాతం వద్ద గుర్తించిన ఈ మొక్క, సన్నని కాడలతో, చిన్న గుండ్రని ఆకులతో, ఇసుక మీదా గులకరాళ్ల మీదా నేలబారుగా పాకుతుంది. ఆ దేశానిదే అయిన ఫ్యూషియా ఎక్స్‌కార్టికాటా, అంటే అక్కడి మూలవాసులైన మావోరీలు పిలిచే కోటుకుటుకు, 12 మీటర్ల దాకా పెరిగే చెట్టు. దాని బెరడు పలుచని కాగితపు పొరలుగా ఊడివస్తుంది.

అసలు విశేషం పూలలో ఉంది. పాకే జాతి పూవుకు ఆకర్షక పత్రాలే, అంటే పూరేకులే, ఉండవు. పసుపు గొట్టం, దాని అంచున వెనక్కి మడతపడిన ఊదా, ఆకుపచ్చ రక్షక పత్రాలు, నీలి పుప్పొడి, అంతే. చెట్టు జాతికి చిన్న ముదురు ఊదా ఆకర్షక పత్రాలుంటాయి, పూవు ఆకుపచ్చ నుంచి ఎరుపుకు మారుతుంది, పుప్పొడి మాత్రం ఇక్కడా నీలమే. తేనె కోసం టుయి వంటి పక్షులు ఆ చెట్టును వెతుక్కుంటూ వస్తాయి.

పాకే మొక్క కాయ పూవు కన్నా పెద్దది, గులాబీ ఎరుపు రంగులో మెరుస్తుంది. చెట్టు కాయ దాదాపు నలుపు. పాకే జాతిలో మగ, ఆడ, ద్విలింగ మొక్కలు విడివిడిగా ఉండటం వల్ల, ఒంటరి మొక్క కాయకపోవచ్చు. కుండీకైతే నా ఓటు ఈ పాకేదానికే.