రూట్ 66 చిన్న ఊళ్ళలో ఒక్కరోజు: 25 అడుగుల అద్దె మోటార్‌హోమ్ ఎలా ఉంటుంది?

హైదరాబాద్ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళకు నయాగరా, న్యూయార్క్ ఎలాగూ చూపిస్తారు. మూడు వీధులు, ఒక థియేటర్, ఒక కేఫ్ ఉండే చిన్న ఊళ్ళు మాత్రం ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) మీద పోతుంటే కంటికి కూడా ఆనవు. వాటి కోసం మోటార్‌హోమ్ (లోపలే పడక, వంటిల్లు, బాత్రూమ్ ఉండే బండి) అద్దెకు తీసుకోవడం దండగా, పండగా అనే ప్రశ్నకు ఇది జవాబు. బండి ఫోర్డ్ ఈ-450 ఛాసీ మీద కట్టిన క్లాస్ సీ రకం, అంటే వ్యాన్ ముందుభాగం, చట్రం మీద ఇంటి పెట్టె బిగించింది. దారి మిస్సోరీలోని జాప్లిన్ నుంచి కాన్సాస్ మూల దాటి ఓక్లహోమాలోని కటూసా దాకా పాత రూట్ 66 (ఒకప్పుడు షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సాగిన హైవే), నూరు మైళ్ళ పైచిలుకు. డల్లాస్ నుంచి వచ్చేవాళ్ళు టల్సా వైపు నుంచి మొదలుపెట్టి ఇదే దారిని తిరగేసుకోవచ్చు.

ముందే చెప్పేస్తాం: ఈ బండి ఆగడానికి బ్రహ్మాండం, పరుగెత్తడానికి బరువు. రోజుకు నూరు మైళ్ళే పెట్టుకుంటే ప్రతి డాలరూ గిట్టుబాటు అవుతుంది. మూడు వందల మైళ్ళు పెట్టుకుంటే మామూలు కారే నయం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, వేళకు తిని మందు వేసుకోవాల్సినవాళ్ళు, గంటగంటకూ బాత్రూమ్ కావాల్సినవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం రెండో ఆలోచన అక్కర్లేదు.

కాగితాల పని హైదరాబాద్‌లోనే ముగించుకోవాలి. ఖైరతాబాద్ వంటి ఆర్టీఏ ఆఫీసుల్లో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. దాంతోపాటు అసలు లైసెన్స్ కార్డు కూడా జేబులో ఉండాలి, పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు. అద్దె ఒప్పందంలో మైళ్ళకు, జనరేటర్ నడిపిన గంటలకు విడివిడిగా లెక్క కడతారు. బండి పైకప్పుకు తగిలే దెబ్బలను చాలా బీమాలు భరించవు. ఎత్తు పన్నెండు అడుగుల దాకా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క షరతు చదవకుండా సంతకం పెట్టొద్దు. చిన్న ఊళ్ళ పాత పెట్రోలు బంకుల రేకు కప్పులు, వీధి చెట్ల కొమ్మలు, బ్యాంకుల డ్రైవ్-త్రూలు ఆ ఎత్తుకే కాచుకుని ఉంటాయి.

నడపడంలో అసలు చిక్కు పొడవు కాదు, తోక. వెనక చక్రాల అవతల ఏడెనిమిది అడుగుల బాడీ వేలాడుతుంది. కర్బ్ (రోడ్డు అంచు గట్టు) పక్కన ఆపి, స్టీరింగ్ ఎడమకు పూర్తిగా తిప్పి కదిలితే ఆ తోక కుడివైపు ఊగి దీపస్తంభాన్నో పార్కింగ్ మీటర్‌నో గీరేస్తుంది. ముందు నిటారుగా కొంత దూరం పోనిచ్చి తర్వాతే తిప్పాలి. మెయిన్ స్ట్రీట్‌లో ఏటవాలుగా గీసిన పార్కింగ్ గళ్ళు మనకోసం కాదు, సగం బండి రోడ్డు మీదే ఉంటుంది. ఒక సందు వెనక్కి వెళ్తే రెండు కార్ల చోటు ఖాళీగా దొరుకుతుంది, అక్కడ పెట్టి నడవాలి. ఊరు దగ్గరపడగానే వేగం 65 నుంచి 45కు, అక్కణ్ణించి 25కు పడిపోతుంది. ఇంత బరువున్న బండి చప్పున ఆగదు, బోర్డు కనపడగానే కాలు తీసెయ్యాలి.

కాన్సాస్‌లో రూట్ 66 ఉన్నది 13 మైళ్ళే, అందులోనే మూడు ఊళ్ళు. గలీనా 1877లో సీసం దొరకడంతో పుట్టిన గని ఊరు. రివర్టన్‌లో 1925 నాటి కిరాణా కొట్టు ఇంకా నడుస్తోంది. అది దాటాక బ్రష్ క్రీక్ మీద 1923లో కట్టిన కాంక్రీట్ కమాను వంతెన ఉంది. ఇరుకైనది, ఒకవైపు రాకపోకలే. పెద్ద బండిని దానిమీదికి తీసుకెళ్ళకుండా పక్కనున్న కొత్త వంతెన దాటి, ఆపుకుని నడిచి చూడడం మేలు. బాక్స్‌టర్ స్ప్రింగ్స్‌లో టీ తాగి ఓక్లహోమాలోకి దిగొచ్చు.

ఓక్లహోమాలో ఈ దారి మీదున్న కామర్స్ ఊరికి ఉత్తరంగా కొద్ది మైళ్ళలో పిచర్ ఉంది. సీసం, జింకు గనుల ఊరు. 1983లో ఆ ప్రాంతాన్ని సూపర్‌ఫండ్ జాబితాలో (విషపదార్థాలు శుభ్రం చేయాల్సిన చోట్ల ప్రభుత్వ జాబితా) చేర్చారు, 2008లో టోర్నడో కొట్టింది, ఆ మరుసటి ఏడాది పురపాలన కూడా రద్దయింది. గుట్టలుగా కనిపించేది గనుల పొడి, అందులో సీసం ఉంటుంది. కారులోంచి చూడ్డం వేరు, కిటికీలు, పైకప్పు వెంట్లు తెరిచి ఉంచే మోటార్‌హోమ్ వేరు. అన్నీ మూసి, ఏసీని లోపలి గాలి మీద పెట్టి దాటండి. పిల్లలను ఆ గుట్టలు ఎక్కనివ్వొద్దు.

ఓక్లహోమా మయామీలో (ఫ్లోరిడాది కాదు) కోల్‌మన్ థియేటర్‌కు గంట కేటాయించాలి. గనుల యజమాని జార్జ్ కోల్‌మన్ కట్టించింది, 1929లో తెరిచారు, బయట స్పానిష్ మిషన్ శైలి, లోపల పాత వర్లిట్జర్ ఆర్గన్. ఈ ఒక్క భవనం కోసమైనా ఈ దారి పట్టొచ్చు. మయామీ నుంచి ఆఫ్టన్ దాకా 1922 నాటి తొమ్మిది అడుగుల వెడల్పు రిబ్బన్ రోడ్డు ముక్కలు మిగిలాయి. అటు మాత్రం తిప్పొద్దు. బండి బాడీయే ఎనిమిది అడుగులు దాటుతుంది, అద్దాలతో కలిపితే రోడ్డుకంటే వెడల్పు. ఎదురుగా ఎవరైనా వస్తే చక్రాలు మెత్తటి మట్టిలోకి దిగుతాయి. ఇక్కడ జీపీఎస్‌ను నమ్మకూడదు, అది కారు అనుకునే దారి చూపిస్తుంది.

మధ్యాహ్న భోజనం సంగతి. వినీటాలో క్లాంటన్స్ కేఫ్ 1927 నుంచి ఉంది, మాంసాహారులకు చికెన్ ఫ్రైడ్ స్టేక్ అక్కడే తినాలి. పేరులో చికెన్ ఉన్నా అది గొడ్డుమాంసం, తినని వాళ్ళకు ముందే చెప్పండి. శాకాహారులకు ఈ పక్క కేఫ్‌లలో కష్టమే. బీన్స్ కూర కూడా చాలాచోట్ల బేకన్ (పంది మాంసం) వేసి ఉడికిస్తారు, బంగాళాదుంప ముద్ద మీద పోసే గ్రేవీలో మాంసం ఉండొచ్చు. అందుకే వంటిల్లు వెంట ఉన్న బండి మనవాళ్ళకు ఇంత కలిసొస్తుంది.

అయితే ఆ వంటిల్లు మన వంటకు కట్టింది కాదు. పోపు వేయగానే పొగ అలారం మోగుతుంది. ముందు పైకప్పు ఫ్యాన్ వేసి, ఒక కిటికీ తెరిచి, ఆ తర్వాతే నూనె పెట్టాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, హైదరాబాద్ నుంచి మోసుకెళ్ళిన మిక్సీ, రైస్ కుక్కర్ పనిచేయవు. క్యాంప్‌గ్రౌండ్ కనెక్షన్ 30 ఆంప్స్, అంటే 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే పదిహేను వందల వాట్ల దాకా లాగుతుంది. దానికి తోడు ఇండక్షన్ పొయ్యి, వాటర్ హీటర్ కలిస్తే బ్రేకర్ పడిపోతుంది. దారిలో ఏసీకి జనరేటర్ ఉండాల్సిందే, బ్యాటరీ మీద నడవదు. జనరేటర్ బండి ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది, కానీ పావు ట్యాంకు దగ్గర ఆగిపోతుంది. బండి పాడైందని కంగారు పడి ఫోన్లు చేసేవాళ్ళు ఎక్కువమంది, కారణం ఇదే. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ చల్లబడడానికి ఒక రాత్రి పడుతుంది. పొద్దున బండి చేతికొచ్చాక పెరుగు పెడితే సాయంత్రానికి పులుస్తుంది, ముందురోజే ఆన్ చేసి ఉంచమని అడగాలి. పెట్రోలు పోయించేటప్పుడు గ్యాస్ వాల్వ్ కట్టేయడం మరవొద్దు.

మైలేజీ గ్యాలన్‌కు ఎనిమిది నుంచి పది మైళ్ళు. ఈ దారికి పదమూడు గ్యాలన్ల దాకా పోతుంది, అంటే యాభై లీటర్లు. జనరేటర్ ఖర్చు దీనిపైన. మంచినీళ్ళ ట్యాంకు నలభై గ్యాలన్లు నింపితే నూటయాభై కిలోల బరువు మోస్తున్నట్టే. స్నానాలు లేని ఒక్కరోజుకు ఐదుగురికి సగం చాలు.

వినీటా దాటాక ఫోయిల్ నుంచి తూర్పుగా నాలుగు మైళ్ళలో ఎడ్ గాలోవే అనే కళాకారుడు కాంక్రీట్‌తో పోసిన తొంభై అడుగుల టోటెమ్ స్తంభం (అమెరికా ఆదివాసుల తరహా బొమ్మల స్తంభం, 1937-48). క్లేర్‌మోర్‌లో హాస్యనటుడు విల్ రోజర్స్ స్మారకం, కటూసాలో 1972 నాటి నీలి తిమింగలం బొమ్మ. చీకటి పడకముందే కటూసా చేరేట్టు చూసుకోండి, చీకట్లో తోక కనపడదు.

బండి అప్పగించే ముందు డంప్ స్టేషన్ (మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోటు) పని. చేతులకు గ్లోవ్స్, మూడంగుళాల గొట్టం రెండువైపులా బిగిసిందో లేదో చూసుకుని, ముందు టాయిలెట్ ట్యాంకు వాల్వ్ తెరవాలి. పూర్తిగా ఖాళీ అయ్యాక మూసి, తర్వాత సింకు నీళ్ళ ట్యాంకు తెరిస్తే ఆ సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో గొట్టం తగిలించి టాయిలెట్ ట్యాంకు వాల్వ్ తెరిచి వదిలేస్తే నీళ్ళు మాత్రమే పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది, తర్వాత ఎవరి తరమూ కాదు. ట్యాంకు ఖాళీ చేయకుండా అప్పగిస్తే గట్టిగా వడ్డిస్తారు. పెట్రోలు మొదట ఉన్న గీతకు నింపి, నాలుగు మూలలూ, పైకప్పు అంచులూ, మైళ్ళ మీటరు, జనరేటర్ మీటరు ఫోటోలు తీసుకోండి. తీసుకున్నప్పటి ఫోటోలు కూడా ఉంటేనే వీటికి విలువ.